ఎంఎస్-డాస్ 6లోని అన్‌డిలీట్: కాపలాను మనమే నిలబెట్టుకోవాలి

మైక్రోసాఫ్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ 6తో పాటు 1993లో వచ్చిన, డిలీట్ చేసిన ఫైళ్లను తిరిగి తెచ్చే అన్‌డిలీట్‌ను, పాత కంప్యూటర్‌ను ఇంకా పనిలో ఉంచుకున్నవారి దృష్టితో సమీక్షిస్తున్నాను. ఈ ప్రోగ్రామ్ డాస్‌లో భాగమే కనుక డిలీట్ చేసిన ఫైళ్లు దానంతట అవే భద్రంగా ఉంటాయని అనుకోవడం సహజమే గాని, మనం ఏ అమరికా చేయకపోతే మనకు దక్కేది స్టాండర్డ్, డిలీట్ ట్రాకర్, డిలీట్ సెంట్రీ అనే మూడు స్థాయిల్లోకెల్లా బలహీనమైన స్టాండర్డ్ రక్షణ మాత్రమే.

ఫైలును డిలీట్ చేసినప్పుడు డాస్ అందులోని సమాచారాన్ని చెరపదు. డైరెక్టరీలో దాని పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పెట్టి, డిస్కులో ఏ చోటు నిండిందో చెప్పే ఫ్యాట్ పట్టికలో దాని క్లస్టర్లన్నీ (ఫైలు ఉండే డిస్కు భాగాలు) ఖాళీ అని రాసుకుంటుంది. మొదటి క్లస్టర్ ఎక్కడుందో, ఫైలు పరిమాణమెంతో మిగులుతాయి గాని మిగతా క్లస్టర్ల వరుస పోతుంది. అందుకే స్టాండర్డ్ పద్ధతి ఆ మొదటి అక్షరాన్ని మనల్నే అడుగుతుంది, ముక్కలుగా చెదిరిన ఫైలు దగ్గర తడబడుతుంది.

రెండో స్థాయి డిలీట్ ట్రాకర్. ఇది క్లస్టర్ల జాబితాను ఒక ఫైలులో రాసి పెడుతుంది కనుక చెదిరిన ఫైళ్లు కూడా తిరిగి వస్తాయి, కానీ ఆ చోటును కొత్త ఫైలు ఆక్రమించకుండా ఆపే శక్తి దీనికి లేదు. పోయిన వస్తువు ఎక్కడ ఉండేదో చెప్పే చిరునామా పుస్తకం లాంటిదే తప్ప కాపలాదారు కాదు. మెమరీలో మాత్రం ఇది కూడా సెంట్రీ లాగే 13.5 కిలోబైట్లు తీసుకుంటుంది. అంతే ఖర్చుకు అంతకన్నా మేలైనది దొరుకుతున్నప్పుడు దీన్ని ఎంచుకోవడానికి నాకు కనిపించే కారణం ఒక్కటే: డిస్కులో చోటు బొత్తిగా లేకపోవడం.

అసలు విలువంతా డిలీట్ సెంట్రీలో ఉంది. డిలీట్ చేసిన ఫైలును ఇది సెంట్రీ అనే దాచిన డైరెక్టరీకి తరలిస్తుంది. ఫ్యాట్ పట్టికలో ఆ క్లస్టర్లు నిండినట్టే ఉంటాయి కనుక వాటిపై మరో ఫైలు వచ్చి పడదు. అమరిక కూడా కష్టం కాదు. ఆటోఎగ్జెక్ బ్యాచ్ ఫైలులో అన్‌డిలీట్ ఆదేశం పక్కన ఏటవాలు గీత, ఎస్, ఆపై డ్రైవ్ అక్షరం చేర్చి ఒక వరుస రాస్తే, యంత్రం వెలిగించిన ప్రతిసారీ కాపలా మొదలవుతుంది. అన్‌డిలీట్ పేరుతోనే ఉన్న ఐఎన్ఐ అనే అమరికల ఫైలులో ఎన్ని రోజులు దాచాలో, డిస్కులో ఎంత శాతం వాడుకోవాలో, ఏ రకం ఫైళ్లను వదిలేయాలో మార్చుకోవచ్చు. మొదట ఉండే 7 రోజుల గడువు నా ఉద్దేశంలో చాలా తక్కువ, ఎందుకంటే నెలకొకసారి తెరిచే లెక్కల ఫైలు పోయిందని వారంలోపు ఎవరికీ తెలియదు. వదిలేసే జాబితాలో టీఎంపీ ఫైళ్లు ముందే ఉంటాయి. ఏదైనా ప్రోగ్రామ్ అసలు పనిని ఆ పేరుతోనే దాచుతుంటే ఆ పద్దును తీసేయడం మంచిది. ఆదేశం పక్కన చేర్చే స్టేటస్ స్విచ్‌తో ఏ డ్రైవ్‌కు ఏ రక్షణ ఉందో చూసుకోవడం మరువకూడదు.

లోపాలూ ఉన్నాయి. డాస్ ఆదేశం ఫైళ్లనే తెస్తుంది, తొలగించిన డైరెక్టరీని తేలేదు. అందుకు విండోస్ కోసం ఇచ్చిన అన్‌డిలీట్‌నే ఆశ్రయించాలి. పాత ఫైలు మీద అదే పేరుతో కొత్తదాన్ని సేవ్ చేస్తే అది డిలీట్ కిందకు రాదు కనుక, సెంట్రీ మేలుకునే ఉన్నా పాత ప్రతి మాత్రం దక్కదు.