లంబసింగి చలికి ఈ గ్లౌజులు ఆగుతాయా?

డిసెంబర్‌లో తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్లకు చెప్తున్నా, ఉన్ని గ్లౌజులు బండి మీద దండగ, గాలి అల్లికలోంచి సూటిగా దూరి వేళ్లు కొయ్యబారిపోతాయి. నేను వాడుతున్న జతకి పైన గాలి చొరబడని పొర, లోపల మెత్తటి ఫ్లీస్, అరచేతి దగ్గర మాత్రం పల్చటి మేకతోలు ఉంది కాబట్టి క్లచ్, బ్రేక్ చేతికి బాగా తెలుస్తాయి. జాకెట్ చేతుల మీదకు వచ్చేంత పొడుగుంది, మణికట్టు దగ్గర చలి దూరదు. సైజు బిగుతుగా తీసుకోకండి, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. బ్రేక్ లివర్ పట్టుకున్నప్పుడు కూడా వేలి కొసన కాస్త ఖాళీ ఉండాలి. టచ్‌స్క్రీన్ పనిచేస్తుందని ప్యాకెట్ మీద రాశారు గానీ, మ్యాప్ చూడాలంటే పళ్లతో గ్లౌజు లాగాల్సిందే! సిటీలో తిరగడానికైతే ఇంత మందం అక్కర్లేదు, చెమట పట్టి చిరాకేస్తుంది.