సీజింగ్ యార్డు వేలం: బండికి మంచి మార్కులు, కాగితాలకు కాదు

కిస్తీలు ఆగిపోయిన బండ్లను ఫైనాన్స్ కంపెనీలు యార్డుకు చేర్చి, ఆన్‌లైన్ వేలంలో అమ్ముతుంటాయి. ఇది ఆ సేవ మీద సమీక్ష. ధర దగ్గర పేచీ లేదు, బయటి రేటు కంటే తక్కువకే వస్తాయి. బండి చూసుకోవడానికీ పెద్దగా అడ్డు చెప్పరు. ఛాసిస్ నంబరు చూసుకోవచ్చు, బ్యాటరీ ఉంటే స్టార్ట్ చేసి వినొచ్చు. రోడ్డు మీదికి మాత్రం తీయనివ్వరు. సీజ్ చేసిన రోజు రాసిన ఇన్వెంటరీ షీటు అడిగి తీసుకోండి. స్టెప్నీ, జాకీ, మ్యూజిక్ సిస్టం, తాళాలు ఎన్ని అన్నీ అందులో ఉంటాయి. షీటులో ఉన్న బ్యాటరీ బండిలో లేకపోతే డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాం అన్న షరతు కింద సంతకం పెట్టాక ఆ తగాదా నిలవదు.

మార్కులు పోయేదంతా కాగితాల దగ్గరే. పాట గెలిచి డబ్బు కడితే చేతికిచ్చేవి రసీదు, రిలీజ్ లెటర్, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే పత్రం), ఫారం 35, సంతకాలున్న ఫారం 29, 30. చూడ్డానికి నిండుగా ఉంటుంది ఆ కవరు. కానీ ఫారం 35 ఆర్‌సీలో ఉన్న హెచ్‌పీని, అంటే బండి మీద ఫైనాన్స్ ఉందన్న నమోదును, తీసేస్తుందంతే, బండిని మీ పేరుకు మార్చదు. పేరు మార్చాల్సిన 29, 30 మీద సంతకం చాలాసార్లు అప్పు తీసుకున్న రోజు ఖాళీ ఫారాల మీద పెట్టించినది. ఆన్‌లైన్ ట్రాన్స్‌ఫర్‌లో ఓటీపీ పాత ఓనర్ ఫోన్‌కు వెళ్తుంటే, బండి పోయిన మనిషి ఆ నంబరు చెబుతాడా? ఒరిజినల్ ఆర్‌సీ కూడా అతని దగ్గరే ఉంటుంది.

చట్టంలో దీనికి సరైన దారి ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 51 ప్రకారం, బండి స్వాధీనం చేసుకున్న ఫైనాన్షియర్ తన పేరు మీద కొత్త ఆర్‌సీ కోసం ఫారం 36లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఓనర్ ఆర్‌సీ ఇవ్వనన్నా, కనిపించకుండా పోయినా, ఆర్టీఓ అతనికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, చెప్పుకునే అవకాశమిచ్చి, పాత ఆర్‌సీ రద్దుచేసి ఫైనాన్షియర్ పేరు మీద కొత్తది ఇవ్వొచ్చు. ఆ తర్వాత కంపెనీయే అమ్మకందారుగా మీకు రాసిస్తుంది. దీనికి సమయం, ఫీజు, ఆఫీసు చుట్టూ తిరుగుడు కావాలి. అందుకే ఆ పనిని కొన్నవాడి నెత్తిన పెట్టే యార్డులే ఎక్కువ. పాట పెట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ లాటుకు (వేలంలో పెట్టిన ఈ బండికి) ఫారం 36 అయిందా? కాకపోతే ఎవరు చేయిస్తారు, ఎవరి ఖర్చుతో?

ఆర్‌సీలో హెచ్‌పీ ఎవరి పేరు మీద ఉందో కూడా చూడండి. అప్పు ఒక కంపెనీ ఇచ్చి, ఆ ఖాతాను ఇంకో సంస్థకు అమ్మేసి ఉండొచ్చు. అప్పుడు అమ్మేది ఒకరు, ఆర్‌సీలో ఉన్నది మరొకరు. రెండింటినీ కలిపే అసైన్‌మెంట్ పత్రం కాపీ లేకుండా ఫారం 35 తీసుకెళ్తే కౌంటర్ దగ్గరే వెనక్కి వస్తుంది. ఎన్‌ఓసీలకు సాధారణంగా మూడు నెలల గడువుంటుంది. ఇంజన్ నంబరులో ఒక్క అంకె తప్పు పడ్డా మళ్లీ కొత్తది తెప్పించాలి.

స్వాధీనం చేసుకున్న తీరు మీద పాత ఓనర్ వినియోగదారుల కమిషన్‌కో, కోర్టుకో వెళ్లి స్టే తెచ్చుకుని ఉండొచ్చు. సీజ్‌కు ముందూ తర్వాతా పోలీస్ స్టేషన్‌కు ఇచ్చిన సమాచార లేఖల కాపీలు అడగండి. రవాణా శాఖ సైట్‌లో బ్లాక్‌లిస్ట్, చలానాలు, పన్ను గడువు చూసుకోండి. లారీలైతే మరీ జాగ్రత్త. యార్డులో నిలబడి ఉన్నా, నడపడం లేదని ఆర్టీఓకు ముందుగా తెలియజేయకపోతే త్రైమాసిక పన్ను పెరుగుతూనే ఉంటుంది, దాని మీద జరిమానా వేరే. లక్ష తక్కువకు దొరికిందనుకున్న లారీ లాభం అక్కడే కరిగిపోతుంది.

పేరు మారేలోపు బండి నడిపితే వచ్చే ప్రమాదం ఇంకోటి. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, ప్రమాద పరిహారానికి బాధ్యుడు ఆర్‌సీలో పేరున్న ఓనరే. అంటే నోటీసు అతనికి వెళ్తుంది, అతను మీ మీదికి వస్తాడు. యార్డులో నెలల తరబడి ఉన్న బండికి బీమా ముగిసిపోవడం మామూలే. థర్డ్ పార్టీ పాలసీ లేకుండా గేటు దాటించకండి, లేదంటే టోయింగ్ మీదే తీసుకెళ్లండి.

పోలీసులు, ఇతర ప్రభుత్వ శాఖల వేలం ఈ విషయంలో నయం. హైదరాబాద్ పరిధిలోని కమిషనరేట్లు దిక్కులేని బండ్లపై ప్రకటన ఇచ్చి, ఓనర్లకూ ఫైనాన్షియర్లకూ ఆరు నెలల గడువిస్తాయి, ఆ తర్వాతే పాట. కొన్నవాళ్లు పేరు మార్పు కోసం, ప్రభుత్వ వేలంలో కొన్న బండ్లకు వాడే ఫారం 32తో, వేలం అధికారి సంతకం చేసిన అమ్మకపు ఉత్తర్వుతో 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. కాకపోతే బండి ఎండకూ వానకూ నిలబడి తుప్పుపట్టి ఉంటుంది. ప్రకటనలో స్క్రాప్ అని రాసి ఉంటే దాన్ని రోడ్డెక్కించే ఆశ పెట్టుకోవద్దు. రికార్డులో పాత హెచ్‌పీ అలాగే ఉంటే దాన్ని తొలగించే సంగతి ఉత్తర్వులో రాయించుకోండి.

మిగతా కిస్తీలు మీరు కట్టుకోండి అంటూ నోటరీ కాగితంతో బండి అప్పగించే కన్సల్టెన్సీలకు సున్నా మార్కులు. ఫైనాన్షియర్ రాతపూర్వక సమ్మతి లేకుండా ఆర్‌సీలో పేరు మారదు. చివరి కిస్తీ మీరు కట్టాక వచ్చే ఎన్‌ఓసీ కూడా పాత ఓనర్ పేరు మీదే వస్తుంది.

యార్డు వేలంలోనే కొంటే, డబ్బు ఏజెంట్ చేతికి కాకుండా కంపెనీ ఖాతాకు ఆర్‌టీజీఎస్‌లో వేయండి. ఫలానా తేదీలోపు ఆర్‌సీ మార్చి ఇవ్వకపోతే కట్టిన సొమ్ము వెనక్కి ఇస్తామన్న వాక్యం అమ్మకపు లేఖలో రాయించుకోండి. యార్డు మేనేజరు కుదరదంటే ఆ లాటు వదిలేసి పక్క లాటు చూడండి.