రాజును రాహువు చేసే స్లేటు

చూపులేనివాళ్లం వేలితో తడిమి చదువుకునే చుక్కల లిపి బ్రెయిలీ. దాన్ని రాసే గళ్ల పలక స్లేటు, కాగితం మీద చుక్కలు పొడిచే పుల్ల స్టైలస్. ఈ రెండూ నా చేతికొచ్చి ఇరవై ఆరేళ్లు. ఒక్కో గడిలో ఆరు చుక్కల చోటు, అందులో ఏవి లేచాయన్నదాన్ని బట్టి అక్షరం. వాడేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నా గొడవంతా కుడి నుంచి ఎడమకు రాయడంతోనే. ఇటు పొడిస్తే చుక్క అటు లేస్తుంది కాబట్టి ప్రతి అక్షరాన్నీ తిరగేసి రాయాలి. అలవాటైపోతుందిలేరా అనేవారు మాస్టారు. అయింది, నిజమే. కానీ తొందరలోనో నిద్రమత్తులోనో చెయ్యి ఒక్కసారి సూటిగా పోతుంది. అప్పుడు జ కాస్తా హ అవుతుంది. మూడో తరగతిలో మా రాజు పేరు రాహు అని రాశాను. పదో తరగతి అయ్యేదాకా వాడు రాహువే.

అక్షరాలైతే పక్కవాటిని బట్టి పట్టుకోవచ్చు. అంకెలకు ఆ దారి లేదు. 5 తిరగబడితే 9, 4 తిరగబడితే 6, 8 తిరగబడితే సున్నా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఉన్నాను. కరెంటు పోయింది. ఫోను చచ్చిపోయేలోగా అది పైకి చదువుతుంటే అక్క నంబరు గబగబా స్లేటు మీద రాసుకున్నాను. సరిచూసుకుందామంటే కాగితం ఊడదీయాలి, మళ్లీ పెడితే వరస కుదరదు. వదిలేశాను. మూడో రోజు పక్కింటాయన ఫోనుకు సిగ్నల్ వచ్చింది. కాగితం తడిమి నంబరు చెప్పాను. ఎవరో పెద్దాయన ఎత్తి "రాంగ్ నంబర్ బాబూ" అన్నారు. మళ్లీ చేస్తే మళ్లీ ఆయనే. ఈసారి "మీవాళ్లు బాగానే ఉంటార్లే" అని ధైర్యం కూడా చెప్పారు. ఆ నంబరులో రెండు 5లు, ఒక 9 ఉన్నాయి. ఒక్కోటే మార్చి చేస్తూ పోతే మూడో ప్రయత్నానికి అక్క గొంతు వినబడింది.

ఈ తిరగేసే రాతకు, లిపిని తయారుచేసిన లూయీ బ్రెయిలీని తిట్టుకునేవాణ్ని. పాపం, ఆయన తప్పేం లేదు. గాడుల పలక, పొడిచే పుల్ల షార్ల్ బార్బియే అనే ఫ్రెంచి ఆయనవి. తన పన్నెండు చుక్కల పద్ధతితోపాటు 1821లో పారిస్ అంధుల బడికి తెచ్చాడు. బ్రెయిలీ చుక్కలను ఆరుకు తగ్గించి 1829లో అచ్చు వేయించాడు గానీ పనిముట్టును ఇంచుమించు అలాగే ఉంచాడు. అంతకుముందు ఆ బడిలో పిల్లలు చదివింది కాగితం మీద ఉబ్బెత్తుగా తేల్చిన మామూలు అక్షరాలు. వాటిని ఎలాగో చదవొచ్చు, కానీ సొంతంగా రాసుకుని మళ్లీ చదువుకోవడం దాదాపు కుదరని పని. నేనైతే తప్పు నంబరైనా నేనే రాసుకున్నాను, నేనే చదువుకున్నాను.

తెలుగుకు ఇందులో ఇంకో సుఖం ఉంది. మన దేశ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో ఒత్తులు కిందికి వేలాడవు. స్త్రీ అని రాసినా అన్నీ ఒకే వరసలో కూర్చుంటాయి.

ఒకప్పుడు అడిగినవాళ్లందరికీ "స్లేటుంటే చాలు" అనేవాణ్ని. ఇప్పుడంత గట్టిగా అనను. పెర్కిన్స్ అనే బ్రెయిలీ టైపు మిషన్‌లో చుక్క మనవైపే లేస్తుంది, రాసింది రాసినట్టు వేలికి తెలుస్తుంది. కాకపోతే దాదాపు ఐదు కిలోల బరువు, ధరా ఎక్కువే, రాత్రిపూట కొడితే ఇల్లంతా లేస్తుంది. నేను రాసేది మందు డబ్బాలకు పేర్లు, సరుకుల చీటీలు. వాటికి జేబులో పట్టే స్లేటు సరిపోతోంది. లెక్కలూ పరీక్షలూ ఉన్న పిల్లలైతే, డబ్బు సర్దుబాటు అయితే, మిషనే మేలేమో.

ఫోను నంబర్లు మాత్రం ఇప్పుడు అంకెల్లో రాసి, కింద అక్షరాల్లోనూ రాస్తున్నాను. ఐదులో ఒక అక్షరం తిరగబడినా ఐదేనని తెలుస్తుంది.