బొమ్మలు, శబ్దాలు, వీడియోలు వెతికే సాధనాలు: ఐదేళ్ల వాడకం తరువాత

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. 2020లో బడులు మూతపడినప్పుడు పిల్లల ఇళ్లలోని ఫోన్లకు పంపడం కోసం చిన్న చిన్న వీడియో పాఠాలు చేయడం మొదలుపెట్టాను. బడులు తెరుచుకున్నాక కూడా ఆ పని ఆగలేదు. ఇప్పుడు ఆ పాఠాలను ఎవరైనా చూసుకునేలా నెట్‌లోనే పెడుతున్నాను. ఒక్కో పాఠానికి పది పదిహేను ఫోటోలు, రెండు మూడు శబ్దాలు, వీలుంటే ఒక నిమిషం వీడియో కావాలి. వాటిని వెతకడానికి ఈ ఐదేళ్లలో చాలా సాధనాలు వాడి చూశాను. వాటిలో నా దగ్గర ఏవి నిలిచాయి, ఏవి వదిలేశాను, ఎందుకు వదిలేశాను అన్నది తెలుగులో పాఠాలో వ్యాసాలో తయారుచేసే వారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నేను చూసేది మూడు విషయాలు: దొరికినది ఏమిటో, ఎక్కడిదో, ఎవరిదో ఆ సాధనం చెప్పగలగాలి. తెర నిండా బొమ్మలు చూపించి ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పలేకపోతే పాఠం చెప్పేవాడికి దానితో పని లేదు.

ఈ పట్టింపు నాకు తంగేడు పువ్వు దగ్గర మొదలైంది. బతుకమ్మ పండుగకు ముందు తెలంగాణ రాష్ట్ర పుష్పం మీద ఒక పాఠం చేయాలనుకుని, గూగుల్ ఇమేజెస్‌లో తంగేడు అని ఇంగ్లిషు అక్షరాలలో కొట్టాను. తెర నిండా పసుపు పూలు వచ్చాయి. వాటిలో చూడముచ్చటగా ఉన్న ఒక ఫోటోను పాఠంలో పెట్టబోతూ ఆగిపోయాను, ఎందుకంటే అందులో పూలగుత్తి కిందికి వేలాడుతోంది. తంగేడు గుత్తి కొమ్మ చివర పైకి నిలబడి ఉంటుంది. గొలుసులా కిందికి జారేది రేల పువ్వు. రెండూ పసుపే, రెండింటికీ ఐదేసి రేకులే, రెండూ చిక్కుడు కుటుంబానివే, కనుక పూలు కోసిన అలవాటు లేని వారు పొరబడడం సహజం. ఎవరో ఒకరు రేల ఫోటోకు తంగేడు అని పేరు రాశారు, ఆ ఫోటో మరో నాలుగు పేజీలకు పాకింది, అన్నిచోట్లా అదే పేరు కనిపించేసరికి చూసేవారికి అది నిజమనే నమ్మకం కుదురుతుంది. ఆ పేజీలలో ఒక్కదానిలోనూ ఫోటో ఎవరు తీశారో, ఏ ఊరిలో తీశారో లేదు.

అదే రోజు, వికీపీడియాకు తోడుగా ఉండే స్వేచ్ఛా ఫోటోల, శబ్దాల, వీడియోల భండారం వికీమీడియా కామన్స్‌లో సెన్నా ఆరిక్యులేటా అనే శాస్త్రీయ నామంతో వెతికాను. అక్కడ ప్రతి ఫోటో కింద తీసినవారి పేరు, తేదీ, లైసెన్సు (ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే అనుమతి) ఉన్నాయి. కొన్నింటికి తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంది. ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసివచ్చింది. తంగేడు పాత శాస్త్రీయ నామం కాసియా ఆరిక్యులేటా. రేలకు ఇప్పటికీ కాసియా ఫిస్టులా అనే పేరే ఉంది. అందువల్ల కాసియా అని మాత్రమే వెతికినవారికి రెండు పూలూ కలిసిపోయి కనిపిస్తాయి, పాత పేరుతో ఎక్కించిన మంచి తంగేడు ఫోటోలు కొత్త పేరుతో వెతికినవారికి కనిపించకుండా పోతాయి. అందుకని ఇప్పుడు ఏ మొక్క కోసం వెతికినా పాత పేరూ కొత్త పేరూ రెండూ కొడతాను. దసరా నాటి జమ్మి చెట్టు దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి: ప్రోసోపిస్ అని మాత్రమే కొడితే జమ్మితో పాటు సర్కారు తుమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది.

కామన్స్ 2004లో మొదలైంది, ఇప్పుడు అందులో 10 కోట్లకు పైగా ఫైళ్లు ఉన్నాయి. తెలుగువారికి అందులో నచ్చే సంగతి, తెలుగు లిపిలో వెతికినా చాలాసార్లు పని జరగడం. పాలపిట్ట అని తెలుగులో కొడితే, ఫైలు పేరు ఏ భాషలో ఉన్నా, ఆ పిట్ట ఫోటోలు వస్తాయి. వికీపీడియా వెనుక ఉండే సమాచార పట్టిక వికీడేటాలో ఆ పక్షికి తెలుగు పేరు నమోదై ఉండడం, ఫోటోలో ఉన్నది ఆ పక్షేనని ఎవరో గుర్తుపెట్టడం దీనికి కారణం. తెలుగు పేరు నమోదు కాని వాటికి మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు నేను తెలుగు వికీపీడియాలో ఆ వ్యాసం తెరిచి, పక్క పట్టీలో ఉండే కామన్స్ లింకు మీదుగా నేరుగా ఆ వర్గానికి వెళతాను. ఇంతకంటే దగ్గరి దారి నాకు ఇంతవరకు కనిపించలేదు. వెతుకుడు పెట్టెలో ఫైల్‌టైప్ అని ఇంగ్లిషులో రాసి, రెండు చుక్కలు పెట్టి, ఆడియో అనో వీడియో అనో చేరిస్తే ఆ రకం ఫైళ్లు మాత్రమే వస్తాయన్నది కూడా చాలామంది గమనించని సౌకర్యం.

కామన్స్‌లో లోటు లేదని చెప్పను. చార్మినార్ కావాలంటే ఏ మూల నుంచి కావాలో ఎంచుకోవచ్చు. తంగేడు కాయ నిలువుకోత కావాలంటే లేదు. పువ్వు ఫోటో తీసేవారు వందమంది ఉంటే కాయ, గింజ, వేరు తీసేవారు ఒక్కరు కూడా కనిపించరు, కానీ పాఠానికి కావలసింది తరచుగా అవే.

లైసెన్సుల సంగతి మొదట్లో నేనూ పట్టించుకోలేదు. తరగతి గదిలో బోధన కోసం వాడుకోవడానికి మన కాపీరైటు చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది, అయితే అదే పాఠాన్ని లోకమంతా చూసేలా నెట్‌లో పెట్టినప్పుడు ఆ వెసులుబాటును నమ్ముకుని కూర్చోలేము. నా చేతికి దెబ్బ తగిలింది సంగీతం దగ్గర. ఉచితం అని పెద్ద అక్షరాలతో రాసుకున్న ఒక సైటు నుంచి నేపథ్య సంగీతం తెచ్చి నాలుగు పాఠాలలో వాడాను. ఏడాది తిరిగాక ఆ సంగీతం తమదంటూ వేరొకరు అభ్యంతరం పెట్టడంతో ఆ నాలుగు పాఠాల శబ్దం మూగబోయింది. సైటుకు రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. నేను దిగుమతి చేసుకున్న రోజున అక్కడ ఏ షరతులు ఉన్నాయో చూపించడానికి నా దగ్గర ఒక్క ఆధారమూ లేదు. ఆ నాలుగు పాఠాలనూ మళ్లీ గొంతు ఇచ్చి ఎక్కించడానికి నా వేసవి సెలవులలో పది రోజులు పట్టింది. అప్పటి నుంచి ఏది దిగుమతి చేసుకున్నా, తీసుకున్న తేదీ, పేజీ చిరునామా, రచయిత పేరు, లైసెన్సు ఒక కాగితంలో రాసుకుంటున్నాను, లైసెన్సు కనిపించే పేజీని స్క్రీన్‌షాట్ కూడా తీసి దాస్తున్నాను.

ఇక్కడే ఓపెన్‌వర్స్ నాకు దగ్గరైంది. ఇదివరకు సీసీ సెర్చ్ అనే పేరుతో, ఇతరులు వాడుకోనిచ్చే లైసెన్సులను తయారుచేసిన క్రియేటివ్ కామన్స్ సంస్థ నడిపిన ఈ సాధనం 2021లో, వెబ్‌సైట్లు కట్టే సాధనమైన వర్డ్‌ప్రెస్ గూటికి చేరింది. ఫోటోలు పంచుకునే ఫ్లికర్, వికీమీడియా కామన్స్, అనేక మ్యూజియంల సేకరణలు, శబ్దాల విషయంలో ఫ్రీసౌండ్, జమెండో వంటివి ఒకే పెట్టెలో వెతకవచ్చు. ప్రతి ఫలితం కిందా రచయితకు చెందవలసిన గుర్తింపు వాక్యం తయారుగా ఉంటుంది. ఒక్క మీట నొక్కి దాన్ని నా కాగితంలోకి దించుకుంటాను. నా పనిలో ఇంత కాలం మిగిల్చిన సౌకర్యం మరొకటి లేదు. అయితే ఈ సాధనంలో వీడియోలు లేవు, తెలుగులో వెతికితే దాదాపు ఏమీ రాదు, పైగా లైసెన్సు సరైనదో కాదో మూల పేజీకి వెళ్లి చూసుకోమని అదే చెబుతుంది. ఆ మాట ప్రకారం ప్రతిసారీ మూల పేజీకి వెళ్లి చూస్తాను.

లైసెన్సు తేడా ఎంత దూరం వెళుతుందో సాంఘిక శాస్త్రం చెప్పే మిత్రుడికి అమరావతి స్తూప శిల్పాల ఫోటోలు వెతికిపెట్టినప్పుడు తెలిసింది. ఆ శిల్పాలలో పెద్ద భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ ఉంది. బ్రిటిష్ మ్యూజియం తన ఫోటోలను వాణిజ్యేతర వాడకానికి మాత్రమే ఇస్తుంది. అమ్మకానికి కూడా వాడుకోనిచ్చే వాటినే కామన్స్ తీసుకుంటుంది, కనుక అవి అందులో చేరవు. కామన్స్‌లో ఉన్నవి అదే గదిలో సందర్శకులు తమ కెమెరాలతో తీసినవి. శిల్పం ఒకటే, రాయీ ఒకటే, కానీ ఒక ఫోటోను పాఠ్యపుస్తకంలో వేసి అమ్మవచ్చు, రెండోదాన్ని అమ్మకూడదు.

శబ్దాలకు వచ్చేసరికి నా మొదటి మాట ఫ్రీసౌండ్. 2005లో బార్సిలోనాలోని పొంపేవు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ సేకరణలో వినడానికి ఖాతా అక్కరలేదు, దించుకోవడానికి మాత్రం ఉచిత ఖాతా కావాలి. శబ్దం అల చిత్రంగా కనిపిస్తుంది కనుక, పదిసార్లు వినకుండానే ఎక్కడ పెద్దదై ఎక్కడ తగ్గిందో కంటితో తెలుస్తుంది. నిడివిని బట్టి, లైసెన్సును బట్టి వడగట్టవచ్చు. ఉరుము, వాన, ఏరు, గడియారం వంటివి కావలసినన్ని ఉన్నాయి.

కానీ నల్లమల అడవి పాఠానికి ఉదయపు అడవి చప్పుడు అని ఒకటి దించి పెట్టినప్పుడు పొరపాటు చేశాను. పాఠం విన్న ఒక పక్షి పరిశీలకుడు ఫోన్ చేసి, "మాస్టారూ, మీ నల్లమలలో యూరప్ రాబిన్ పాడుతోందండీ" అన్నారు. మళ్లీ విన్నాను. నా చెవికి ఏదో పిట్ట కూత అనిపించినది, తెలిసినవారి చెవికి ఏ ఖండానిదో చెప్పేస్తోంది. ఆ ఫైలు వివరణలో దేశం పేరు రాసే ఉంది, నేను చదవలేదు. ఫ్రీసౌండ్‌లో శబ్దాలను రికార్డు చేసిన చోటును బట్టి ప్రపంచ పటం మీద చూపించే సౌకర్యం ఉంది. అప్పటి నుంచి అడవి, పొలం, సంత వంటి నేపథ్య శబ్దాలకు పటం మీద మన వైపుకు జరిగి అక్కడి చుక్కలనే వింటున్నాను. చుక్కలు తక్కువ, కానీ ఉన్నంతలో అవి మనవి.

పక్షులకైతే, పక్షి కూతల సేకరణ అయిన జెనో-కాంటోను మించినది లేదు. ఇదీ 2005లోనే, నెదర్లాండ్స్‌లో మొదలైంది. ఇప్పుడు కప్పలు, గబ్బిలాలు, మిడతల శబ్దాలు కూడా చేరాయి. ప్రతి రికార్డింగుకూ చోటు, తేదీ, వేళ, ఎత్తు ఉంటాయి. పిలుపా, పాటా, హెచ్చరికా అన్నది ఉంటుంది. నాణ్యతకు A నుంచి E వరకు శ్రేణులు ఉంటాయి, A అన్నిటికంటే మేలైనది. పాలపిట్ట మీద పాఠం చేసినప్పుడు దాని గరుకు కేకను భారతదేశపు రికార్డింగులకే పరిమితం చేసి, A శ్రేణి వాటినే విన్నాను. రంగు చూసి ముచ్చటపడిన పిల్లలు ఆ కేక విని ఆశ్చర్యపోయారు. దసరా రోజున దాన్ని చూడడానికి ఊరి బయటికి వెళ్లేవారిలో కూడా దాని గొంతు గుర్తుపట్టగలవారు ఎంతమందని తరగతిలో అడిగితే ఒక్క చెయ్యి లేచింది. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. జెనో-కాంటోలోని చాలా రికార్డింగులకు మార్పులు చేయరాదనే షరతు ఉంది. వీడియోలో కలిపి వాడడం కూడా ఆ షరతు కిందికే వస్తుంది కనుక, అది లేనివాటినే ఎంచుకోవాలి, లేదా రికార్డు చేసినవారికి రాసి అడగాలి. నేను రాసిన ఇద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు.

వీడియోల వెతుకులాట ఇప్పటికీ కష్టమే. వీడియోలో ఏముందో సాధనం చూడదు, చాలావరకు శీర్షికలోనో వివరణలోనో ఏం రాశారో మాత్రమే చూస్తుంది. కామన్స్ వీడియోలు చాలావరకు వెబ్‌ఎం అనే ఫైలు రూపంలో ఉంటాయి. మా పిల్లల ఫోన్లలో కొన్ని దాన్ని తెరవవు కనుక హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4లోకి మార్చుకుంటాను. పాత పుస్తకాలు, శబ్దాలు, సినిమాలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ పెద్ద గని, కానీ అక్కడి తెలుగు వస్తువులకు ఎక్కించినవారు ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు ఇంగ్లిషు అక్షరాలలో పేర్లు రాశారు. ఒకే మాటను నాలుగు వర్ణక్రమాలతో వెతకనిదే తృప్తి ఉండదు. అక్కడ లైసెన్సు గడి ఖాళీగానో తప్పుగానో ఉండడమూ తరచుగా చూశాను. పాత రికార్డింగులు, సినిమాల విషయంలో మన చట్టం ప్రకారం ప్రచురించిన ఏడాది తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు కాపీరైటు ఉంటుందన్న లెక్కను నేనే వేసుకుంటాను. యూట్యూబ్‌లో క్రియేటివ్ కామన్స్ వడపోత ఉంది, అయితే ఇతరుల వీడియోను ఎక్కించి ఆ గుర్తు పెట్టేవారూ ఉన్నారు. అంతరిక్షం, తుపానులు, భూమి గురించిన పాఠాలకు మాత్రం నాసా బొమ్మల, వీడియోల గ్రంథాలయం నిశ్చింతగా వాడుకోదగినది. అక్కడి వాటికి సాధారణంగా కాపీరైటు ఉండదు.

గూగుల్‌ను పూర్తిగా వదలలేదు. దాన్ని వెతకడానికి కాక, దొరికినదాన్ని సరిచూసుకోవడానికి వాడుతున్నాను, దానికి తోడు, ఫోటోనే ఎక్కిస్తే అది నెట్‌లో ఎక్కడెక్కడ ఉందో చూపించే టిన్‌ఐ. తుపాను వచ్చిన ప్రతిసారీ, 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ ఫోటోలు కొత్తవన్నట్టు మళ్లీ తిరుగుతాయి. టిన్‌ఐలో ఫోటో ఎక్కించి అన్నిటికంటే పాతది ముందు చూపించమంటే, అది నెట్‌లో మొదట ఎప్పుడు కనిపించిందో చాలాసార్లు తెలిసిపోతుంది. వీడియో అయితే ఇన్‌విడ్ అనే బ్రౌజర్ తోడు దాన్ని నిశ్చల చిత్రాలుగా విడగొట్టి ఇస్తుంది. ఒక్కో చిత్రాన్నీ అలాగే వెతకవచ్చు. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇది రెండు పీరియడ్లలో నేర్చుకున్నారు.

ఎంత వెతికినా దొరకనివి కొన్ని మిగిలాయి. ధాన్యం మీద పాఠానికి రోకలి దంపుడు కావాలని ఫ్రీసౌండ్‌లో ఎన్ని పేర్లతో వెతికినా, వచ్చినవి వంటింటి కల్వంలో మిరియాలు నూరే చప్పుళ్లే. పోయిన సంక్రాంతికి మా పెద్దమ్మ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు రోట్లో బియ్యం దంచుతుంటే, గది తలుపులు మూసి, ఫోన్‌ను దిండు మీద పెట్టి రికార్డు చేశాను. రెండు రోకళ్లు ఒకదాని వెనుక ఒకటి పడడం, మధ్యలో "హు" అని ఊపిరి వదలడం స్పష్టంగా వచ్చాయి. ఒక నిమిషం నలభై సెకన్లు. వారి అనుమతి అడిగి, రోకలి, దంపుడు అనే మాటలు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ చేర్చి, ఊరున్న జిల్లాను పటం మీద గుర్తించి, ఏ షరతూ లేని లైసెన్సుతో ఫ్రీసౌండ్‌లో పెట్టాను.