ఆసుపత్రిలో తప్పు జరిగితే ఎక్కడికి వెళ్లడం మేలు: వినియోగదారుల కమిషనా, మెడికల్ కౌన్సిలా, పోలీసులా?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆపరేషన్ వికటిస్తే ఇంట్లో తలో మాట చెబుతారు. బావమరిది పోలీస్ స్టేషన్‌కు పదమంటాడు, తెలిసిన డాక్టరు మెడికల్ కౌన్సిల్‌కు రాయమంటాడు, లాయరు కన్స్యూమర్ కేసు వేద్దామంటాడు. ఈ మూడు చోట్లా దొరికేది ఒకటి కాదు. శిక్ష కావాలంటే పోలీసులు, డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య కావాలంటే కౌన్సిల్, నష్టపరిహారం కావాలంటే కమిషన్. చాలా కేసుల్లో కమిషన్‌కే ముందు వెళ్లాలని నేనంటాను. కారణం, ఎక్కడ ఎంత రుజువు చేయాలన్నదే.

పోలీసు కేసులో ఆ బరువు అన్నిటికంటే ఎక్కువ. నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద వైద్యం చేస్తూ నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన డాక్టరుకు రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే మామూలు పొరపాటు చాలదని, నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వేరే డాక్టరు, వీలైతే ప్రభుత్వ డాక్టరు, అభిప్రాయం తీసుకున్నాకే పోలీసులు ముందుకెళ్లాలి, ఊరికే అరెస్టు చేయకూడదు అని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఇక్కడ చాలామంది చూడని చిక్కొకటుంది. ‘ఘోర నిర్లక్ష్యం లేదు’ అని ఆ అభిప్రాయం వచ్చిందంటే, రేపు కమిషన్‌లో ఆసుపత్రి లాయరు మొదట బయటికి తీసే కాగితం అదే.

ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ విజయవాడలోనే ఉంది. ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి అంటుంది. హెచ్చరించడం, కొంతకాలం రిజిస్టర్‌లోంచి పేరు తీసేయడం దాని చేతిలో ఉన్నాయి, రోగికి రూపాయి ఇప్పించే అధికారం లేదు. పైగా 2019 జాతీయ మెడికల్ కమిషన్ చట్టంలోని 30వ సెక్షన్ అప్పీలు హక్కును డాక్టరుకే రాసింది, రోగిని అందులో ప్రస్తావించలేదు.

కమిషన్‌లో దారి వేరు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో తేలింది. కొందరి దగ్గర ఫీజు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రిలో ఉచిత రోగికీ ఆ హక్కుంది. ప్రైవేటు ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేరినవాళ్లు ఇది గట్టిగా పట్టుకోవాలి. శాంత తీర్పును మళ్లీ పరిశీలించాలని 2024 మేలో ఒక బెంచ్ అన్నా, అదే నవంబర్‌లో ముగ్గురు జడ్జిల బెంచ్ ఆ అవసరం లేదంది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో వి. కిషన్‌రావు కేసు తేల్చింది. మలేరియా రోగికి టైఫాయిడ్ మందులిచ్చారన్న ఆ కేసు హైదరాబాద్‌ది. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) ఇచ్చిన రెండు లక్షల పరిహారాన్ని పై కమిషన్లు నిపుణుడు లేడని కొట్టేస్తే, సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. అయినా కడుపులో గుడ్డ వదిలేయడం, కుడికాలికి బదులు ఎడమకాలు కోయడం లాంటివి తప్ప మిగతావాటికి ఆ విభాగం ప్రొఫెసర్ అభిప్రాయం జతచేయడమే క్షేమం.

కమిషన్‌లో కేసు వేయడానికి కట్టే ఫీజు లెక్క చాలామందికి తెలియదు. మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి కట్టిన డబ్బును బట్టి. బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. తెనాలి మనిషి విజయవాడలో ఆపరేషన్ చేయించుకున్నా గుంటూరు కమిషన్‌లో వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. కౌన్సిల్‌లో ఫిర్యాదు నడుస్తోంది కదా అని కూర్చుంటే ఆ గడువు ఆగదు. మంచి కేసులు ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

ఎక్కడికి వెళ్లినా గెలుపోటములు తేల్చేది కేసు షీటు, అంటే ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రోగి గురించి రాసిన పూర్తి రికార్డు. డిశ్చార్జి సమ్మరీ కేసు షీటు కాదు, అది ఆసుపత్రి తన మాటల్లో రాసుకున్న రెండు పేజీలు. లిఖితపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని, మూడేళ్లు భద్రపరచాలని నియమం. నోటితో అడగొద్దు. ఇన్‌వార్డులో (అర్జీలు తీసుకునే చోట) ఇచ్చి కాపీ మీద ముద్ర వేయించుకోండి, వేయకపోతే అదే రోజు స్పీడ్ పోస్ట్ చేయండి. అర్జీలో పేరుపేరునా రాయండి: డాక్టరు నోట్సు, నర్సుల చార్టు, మందుల చార్టు, ఆపరేషన్, మత్తు రికార్డులు, కన్సెంట్ ఫారాలు, స్కాన్ సీడీలు.

వచ్చాక ముందు నర్సుల చార్టు తెరవండి. రాత్రి రెండింటికి బీపీ పడిపోయిందని ఉండి, డాక్టరు నోటు ఉదయం ఎనిమిదింటిది అయితే, మధ్యలోని ఆ ఆరు గంటలే మీ కేసు. తర్వాత కన్సెంట్ ఫారం. చేరిన రోజే ఖాళీగా సంతకం పెట్టించుకున్నారా, చేసిన ఆపరేషన్ పేరు అందులో ఉందా? 2008లో సమీరా కోహ్లీ కేసులో, పరీక్షకని మత్తిచ్చి, బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. మెలకువ వచ్చాక రోగినే అడిగి ఉండాల్సిందని, పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదని కోర్టు చెప్పింది.

పోలీసుల దగ్గరికే ముందు పరిగెత్తాల్సిన సందర్భం ఒకటుంది. మనిషి చనిపోయి, కారణం మీద అనుమానముంటే, అంత్యక్రియలకు ముందే ఫిర్యాదిచ్చి పోస్టుమార్టం చేయించాలి. అది లేకుంటే దేనివల్ల పోయారో తర్వాత ఏ కమిషన్‌లోనూ నిలబెట్టడం కష్టం. ఎంత బాధలో ఉన్నా ఇంట్లో ఒక్కరైనా ఆ మాట గట్టిగా అనాలి.

అందరికీ ఉచితంగా చూసే ప్రభుత్వ ఆసుపత్రి అయితే కమిషన్ పనికిరాదు, నేలపాడులోని హైకోర్టులో రిట్ (హక్కులకు భంగం కలిగిందని వేసే పిటిషన్) వేయాలి. అత్యవసరంలో చేర్చుకోకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. రేట్ల బోర్డు పెట్టకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం లాంటివాటికి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఒక అర్జీ చాలు.