పిల్లల టీకా నష్టపరిహారం: అమెరికా పథకం మంచిదే, గడువు దగ్గరే కుటుంబాలు దెబ్బతింటున్నాయి

అమెరికాలో పిల్లలకు టీకా వేయించినప్పుడు క్లినిక్ వాళ్లు ఇచ్చే సమాచార పత్రం చివర్లో ఒక చిన్న పేరా ఉంటుంది. జాతీయ టీకా నష్టపరిహార పథకం ఒకటుందని, దావాకు కాలపరిమితి ఉందని, అది రెండేళ్లు మాత్రమే కూడా కావచ్చని అందులో రాస్తారు. ఆ కాలాన్ని ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో మాత్రం అక్కడ ఉండదు. చాలా విషయాల్లో బాధిత కుటుంబం వైపే మొగ్గే ఈ సేవలో అతి పెద్ద లోపం ఇదే.

ముందు మంచి సంగతులు. 1986 నాటి చట్టంతో వచ్చి 1988 అక్టోబరు 1 నుంచి నడుస్తున్న పథకమిది. టీకా కంపెనీదో డాక్టరుదో తప్పని రుజువు చేయక్కర్లేదు. పిటిషన్ వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో వేయాలి, ఫీజు 405 డాలర్లు. జ్యూరీ ఉండదు, స్పెషల్ మాస్టర్ (ఈ కేసుల కోసం కోర్టు నియమించే విచారణాధికారి) విచారిస్తారు. కేసు ఓడినా, అది నిజాయితీగా, సహేతుకమైన ఆధారంతో వేసినదైతే లాయరు ఫీజు పథకం నిధి నుంచే ఇప్పించవచ్చు. లాయరు కుటుంబం దగ్గర వాటా అడగడానికి చట్టం ఒప్పుకోదు. అమెరికా పౌరులే కానక్కర్లేదు, వీసా మీద ఉన్న కుటుంబమైనా వేయొచ్చు. బాధకు, వేదనకు ఇచ్చే మొత్తం మీద 2,50,000 డాలర్ల పరిమితి 1986 నుంచి అలాగే ఉండిపోవడం అన్యాయమే. అయితే వైద్యానికి, జీవితాంతం సంరక్షణకు అయ్యే ఖర్చుకు ఆ పరిమితి వర్తించదు. ఈ పథకం ఉందంటే టీకాలు ప్రమాదకరమని కాదు. వేసిన ప్రతి పది లక్షల డోసులకు పరిహారం అందినవారు సుమారు ఒక్కరే. ఆ ఒక్క కుటుంబం గడువు దాటి ఖాళీ చేతులతో వెనక్కి రాకూడదు.

గాయానికి, అంటే టీకా వల్ల కలిగిన హానికి, గడువు 36 నెలలు. లెక్క టీకా వేసిన రోజు నుంచి కాదు, జబ్బు పేరు తేలిన రోజు నుంచి కాదు, ఇది టీకా వల్లేనని డాక్టరు అన్న రోజు నుంచీ కాదు. మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి, లేదా పాత జబ్బు గణనీయంగా ముదిరిన రోజు నుంచి. అది లక్షణమని తల్లిదండ్రులకు అప్పుడు తెలియకపోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది. ఒక కేసులో టీకా వేసిన రోజే పాప కళ్లు టపటపా ఆర్పింది. అలసట అనుకున్నారు. కొన్ని వారాలకు పెద్ద ఫిట్స్ వచ్చింది. దాని నుంచి లెక్కవేసుకుని మూడేళ్ల లోపే పిటిషన్ వేశారు. కళ్లు ఆర్పడమే మొదటి లక్షణమని, గడువు దాటిపోయిందని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2007లో తేల్చింది. 2011లో అదే కోర్టు మరో కేసులో, టీకాతో సంబంధం తర్వాతెప్పుడో తెలిసిందన్న కారణంతో గడువు ఆగదని చెప్పింది. అసాధారణ పరిస్థితుల్లో మినహాయింపు ఉంటుందని కూడా అందులోనే అంది గానీ, ఆ తలుపు చాలా ఇరుకు.

అందుకే తేదీని జ్ఞాపకం మీద వేయకూడదు. ఎమర్జెన్సీ నోట్స్‌లో 'రెండు వారాలుగా ఇలా ఉందని తల్లి చెప్పారు' అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు, ప్రభుత్వం తరఫు లాయర్లు లెక్కను రెండు వారాలు వెనక్కి జరుపుతారు. పిల్లల డాక్టరు ఆఫీసుకు చేసిన ఫోన్ల రికార్డు, పోర్టల్‌లో పంపిన మెసేజీలు, ఇంట్లో తీసిన వీడియోల తేదీలు ముందుపెట్టుకుని, వాటన్నిటిలో అతి పాత తేదీని మొదటి లక్షణంగా పట్టుకోవాలి.

మన వాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఇంకొకటుంది. భారత్‌లో లిమిటేషన్ చట్టం మైనరు వేసే దావాకు మేజరు అయ్యేదాకా గడువు ఆపుతుంది. అమెరికాలో కూడా మామూలు దావాలకు చాలా రాష్ట్రాల్లో అలాగే. ఈ పథకంలో ఆ వెసులుబాటు లేదు. బిడ్డ నెలల పిల్లైనా గడువు గడువే, పిటిషన్ తల్లిదండ్రులే వేయాలి.

బిడ్డ చనిపోతే రెండు గడియారాలు కలిసి నడుస్తాయి: మరణం నుంచి 24 నెలలు, మొదటి లక్షణం నుంచి 48 నెలలు. రెండూ దాటకూడదు. లక్షణం 2023 మార్చి 10న, మరణం 2026 జనవరి 5న అనుకుంటే, మొదటి లెక్క 2028 జనవరి దాకా వెళ్తుంది, రెండోది 2027 మార్చి 10కే ముగుస్తుంది. ముందు వచ్చేదే అసలు గడువు.

మరీ తొందరపడినా పని కాదు. గాయం ప్రభావం టీకా తర్వాత ఆరు నెలలకు మించి ఉండాలన్నది షరతు. ఆసుపత్రిలో చేరి శస్త్రచికిత్స కూడా అయితే ఆ షరతు అక్కర్లేదు. రోటావైరస్ టీకా తర్వాత పేగు పేగులోకి చొచ్చుకుపోయి ఆపరేషన్ అయిన పసివాళ్ల కేసుల్లో ఇదే ఉపయోగపడుతుంది. ఏ టీకాకు ఏ గాయం, ఎన్ని రోజుల్లో అని చెప్పే పట్టిక ఒకటి పథకంలో ఉంది; అందులో ఆ గాయానికి టీకా నుంచి 1–21 రోజుల వ్యవధి ఉంది. ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోవడానికి 7–30 రోజులు. పట్టికలో ఉన్న గాయం ఆ వ్యవధిలోనే మొదలైతే కారణం టీకాయేనని చట్టం ముందే అనుకుంటుంది. ఈ రోజుల లెక్కకు, 36 నెలల గడువుకు సంబంధం లేదు, రెంటినీ కలపొద్దు.

రికార్డుల జాబితా పెద్దదే: గర్భిణిగా ఉన్నప్పటివి, కాన్పువి, పుట్టగానే బిడ్డ స్థితికి ఇచ్చే ఆప్గార్ స్కోరు, ఎదుగుదల చార్టులు, టీకా కార్డు, గాయానికి ముందూ తర్వాతా చూసిన ప్రతి డాక్టరు నోట్స్. అడిగాక ఇవ్వడానికి ఆసుపత్రికి 30 రోజులు ఉంటాయి, మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. కాబట్టి గడువుకు కనీసం ఏడాది ముందే లాయరును కలవాలి. ఆఖరి వారాల్లో వెళ్తే కేసు తీసుకునేవాళ్లే దొరకరు. అంత దగ్గరపడితే పిటిషన్ ముందు వేసేయాలి. ఏ కాగితాలు ఎందుకు లేవో అందులో రాయడానికి చట్టమే వీలిచ్చింది, తర్వాత జతచేయొచ్చు. దుష్ప్రభావాల నమోదు వ్యవస్థ వేర్స్‌కు రిపోర్టు పంపితే దావా వేసినట్టు కాదు. ఆరోగ్య శాఖకు ఫోన్ చేసినా కాదు. కోర్టులో దాఖలైన తేదీ ఒక్కటే లెక్క.

పట్టికలో కొత్త టీకానో గాయమో చేరితే అది అమల్లోకొచ్చిన రోజు నుంచి రెండేళ్ల అదనపు అవకాశం వస్తుంది, అంతకుముందు ఎనిమిదేళ్లలో జరిగిన గాయాలకే.

కోవిడ్ టీకాలు ఈ పథకంలో లేవు. వాటికి వేరే పథకం, గడువు టీకా వేసిన రోజు నుంచి ఒక్క ఏడాదే, లాయరు ఫీజూ రాదు. సెలవులకు హైదరాబాదో విజయవాడో వెళ్లినప్పుడు అక్కడ వేయించిన టీకాకు కూడా ఈ కోర్టులో సాధారణంగా చోటు లేదు. అమెరికాలో ఉన్న తయారీదారు చేసిన టీకా అయ్యుండి, బిడ్డ ఆరు నెలల లోపు అమెరికా తిరిగొచ్చి ఉంటే అడగొచ్చు. అందుకే అక్కడి టీకా కార్డు మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు రాయించుకుని, ఫొటో తీసి పెట్టుకోవాలి.