విజువల్ బేసిక్ 6లో ఎన్విరాన్: ఏళ్ల తరబడి వాడాక

ఎరువుల షాపులకు, రైస్ మిల్లులకు రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాములు నావి ఇంకా విజువల్ బేసిక్ 6లోనే నడుస్తున్నాయి. అది 1998లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ భాష. దాని ఎడిటర్‌కి 2008 ఏప్రిల్‌లోనే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. అయినా అందులో తయారైన ఈఎక్స్‌ఈ ఫైళ్లు విండోస్ 11లో కూడా చక్కగా లేస్తాయి. వాటన్నిటిలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ఫోల్డర్ దారులు, యూజర్ పేరు లాంటి, విండోస్ ప్రతి ప్రోగ్రాముకీ పేర్లతో అందించే విలువలు) చదవడానికి నేను నమ్ముకున్నది ఎన్విరాన్ ఫంక్షన్‌నే. నమ్మకం ఎంతవరకు అన్నదే ఈ సమీక్ష.

వాడకం మాత్రం హాయి. డిక్లేర్ చేసేది లేదు, రిఫరెన్స్ తగిలించేది లేదు. టెంప్ అని పేరిస్తే తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ దారి వచ్చేస్తుంది. పేరు బదులు అంకె ఇస్తే ఆ వరుసలోని వేరియబుల్ పేరు, ఈక్వల్ గుర్తు, విలువ కలిసి వస్తాయి. 1 నుంచి మొదలెట్టి ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని విలువ) వచ్చేదాకా లూప్ తిప్పి లిస్ట్‌బాక్స్‌లో వేసే ఫారం ఒకటి ప్రతి ప్రోగ్రాములోనూ పెట్టాను. కస్టమర్ ఫోన్ చేస్తే "ఆ స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్ చెయ్యండి సార్" అంటే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

విసిగించేది, లేని పేరు అడిగినా ఎర్రర్ రాకపోవడం. ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం జారితే ఫైలు ఎక్కడో డ్రైవ్ మొదట్లో తేలుతుంది. డేట్, ర్యాండమ్ లాంటివీ అంతే. అవి కమాండ్ ప్రాంప్ట్ అప్పటికప్పుడు కల్పించేవి, ఎన్విరాన్‌కి దొరకవు.

అసలు టెన్షన్ వేరే. ఎన్విరాన్ చూపేది ప్రోగ్రామ్ మొదలైనప్పుడు దానికి అందిన కాపీని. సిస్టమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డేటా ఫోల్డర్ దారి మార్చినా, నడుస్తున్న ప్రోగ్రాముకి పాత దారే కనిపిస్తుంది. మూసి తెరవాలి. ఎడిటర్‌లో ఎఫ్5 కొట్టి పరీక్షిస్తుంటే అదీ చాలదు. ప్రోగ్రామ్ ఎడిటర్ ప్రాసెస్‌లోనే నడుస్తుంది కాబట్టి ఎడిటర్‌నే మూసి తెరవాలి. తాజా విలువే కావాలంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ చదవడమే దారి. యూజర్‌వి అందులో హెచ్‌కేసీయూ (ప్రస్తుత యూజర్ విభాగం) కింద ఎన్విరాన్‌మెంట్‌లో, సిస్టమ్‌వి హెచ్‌కేఎల్ఎం (మొత్తం కంప్యూటర్ విభాగం) కింద సెషన్ మేనేజర్‌లో ఉంటాయి.

64 బిట్ విండోస్‌లో ఇంకో తిరకాసు. మనది 32 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి ప్రోగ్రామ్‌ఫైల్స్ అడిగితే చివర ఎక్స్86 ఉన్న ఫోల్డర్ వస్తుంది. అసలుది కావాలంటే ప్రోగ్రామ్‌డబ్ల్యూ6432 అని అడగాలి.

మనవాళ్లకి తగిలే దెబ్బ ఒకటుంది. యూజర్ ఫోల్డర్ పేరు తెలుగు లిపిలో ఉంటే యూజర్‌ప్రొఫైల్ విలువలో ఆ పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. ఎన్విరాన్ పాత ఆన్సీ పద్ధతిది, అంటే కోడ్‌పేజీ అనే అక్షరాల పట్టికలో ఉన్న అక్షరాలే దానికి తెలుసు; విండోస్‌లో తెలుగుకి ఆన్సీ కోడ్‌పేజీయే లేదు. గెట్ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్‌డబ్ల్యూ అనే విండోస్ సొంత ఫంక్షన్‌ని (ఏపీఐని) పిలిస్తే పేరు సరిగ్గా వస్తుంది. కానీ దాన్ని విబి లేబుల్‌లో చూపించబోతే మళ్లీ ప్రశ్నార్థకాలే!

ఇప్పుడు టెంప్, యాప్‌డేటా, కంప్యూటర్‌నేమ్ వరకే ఎన్విరాన్‌ని వాడుతున్నాను. డెస్క్‌టాప్ దారిని యూజర్‌ప్రొఫైల్‌కి అతికించి కట్టను, వన్‌డ్రైవ్ దాన్ని ఎప్పుడు తన కిందికి లాక్కుంటుందో చెప్పలేం. లాగిన్‌కి యూజర్‌నేమ్ అసలే వాడను. కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్ కమాండ్‌తో దాన్ని ఓనర్ పేరుకి మార్చి, అక్కడి నుంచే ప్రోగ్రామ్ తెరిస్తే గుమాస్తా కూడా ఓనరైపోతాడు.